గాలి ఆగింది, తలుపు తియ్యకండి



1996 నవంబరు 6వ తేదీ రాత్రి మేము యానాం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాం. నేనప్పుడు హైస్కూల్లో చదువుతున్నాను. చీకటి పడినప్పటినుంచీ ఉత్తరపు గాలి ఇంటి పెంకులు లేపేస్తోంది. పిల్లలమంతా మంచాల కింద దూరాం. ఇంతలో ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. "హమ్మయ్య, పీడ వదిలింది" అంటూ మా మావయ్య లాంతరు పుచ్చుకుని పశువుల పాక వైపు బయల్దేరాడు. అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఒరే, ఇది సగమేరా! గాలి మళ్ళీ తిరుగుతుంది. తలుపు తీశావంటే నా మీద ఒట్టే" అంది. అరగంట తిరక్కుండానే దక్షిణం నుంచి వచ్చిన గాలి ఆ పాకని ఎత్తి చెరువులో పడేసింది. పశువుల్ని సాయంత్రమే విప్పి వదిలేశారు కాబట్టి దక్కాయి.

చదువురాని మా అమ్మమ్మకి ఇది వాళ్ళమ్మ చెప్పిందిట. మరి లోకానికి ఈ సంగతి రుజువు చేసి చెప్పిన వాళ్ళెవరు? వాళ్ళు కూడా పెద్ద శాస్త్రవేత్తలేం కారండీ. గాలివానంటే ఆసక్తి ఉన్న మామూలు మనుషులు.

1821 సెప్టెంబరులో అమెరికాలోని కనెక్టికట్ ప్రాంతాన్ని ఒక గాలివాన ఊడ్చేసింది. గుర్రపు జీనులు కుట్టే పని నేర్చిన విలియం రెడ్‌ఫీల్డ్ అనే ఆయన తర్వాత ఆ దారిన వెడుతూ పడిపోయిన చెట్లు చూశాడు. తన ఊరి దగ్గర చెట్ల తలలు ఒక దిక్కుకి ఉన్నాయి. కొంత దూరం పోయాక సరిగ్గా ఎదురు దిక్కుకి ఉన్నాయి. అంటే గాలి తిన్నగా రాలేదు, సుడి తిరుగుతూ వచ్చిందన్నమాట! ఈ సంగతి ఆయన 1831లో అచ్చువేశాడు. విలియం రీడ్ అనే సైనిక ఇంజనీరు 1838లో దీనిమీద పెద్ద పుస్తకమే రాశాడు.

ఆ పుస్తకం కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ చేతిలో పడింది. ఆయన ఒకప్పుడు ఓడ కెప్టెను. అప్పటినుంచీ ఆయనకి అదే ధ్యాస. బంగాళాఖాతంలో గాలివాన వచ్చిందంటే చాలు, ఓడల దినచర్య పుస్తకాలూ, రేవుల నుంచి ఉత్తరాలూ తెప్పించేవాడు. ఏ గంటకి గాలి ఎటునుంచి వీచింది, బారోమీటరు ఎంత దిగింది అని, మనం పాల లెక్క రాసుకున్నట్టు వరసగా రాసుకుని పటం మీద గుర్తులు పెట్టేవాడు.

ఆయన మొదట్లో పరిశీలించిన గాలివానల్లో ఒకటి ఎక్కడిదో తెలుసా? మన కోరంగిది! యానాం పక్కనే ఉన్న ఆ ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన దాన్ని ముంచింది. ఆ రెండో దాని సంగతులే పిడింగ్టన్ కూడబెట్టాడు.

1848లో నావికుల కోసం ఆయనొక పుస్తకం వేశాడు. అందులో కొమ్ముతో చేసిన పల్చటి రేకులు పెట్టాడు. వాటిలోంచి అవతలకి కనిపిస్తుంది. వాటిమీద గాలి తిరిగే వలయం గీసి ఉంటుంది. దాన్ని పటం మీద పెట్టి, గాలి దిక్కుని బట్టి సుడి నడుమ ఎక్కడుందో కెప్టెను పోల్చుకోవచ్చు. మనం రోజూ వినే సైక్లోన్ అనే మాట పుట్టించింది కూడా ఆయనే. చుట్ట చుట్టుకున్న పాము అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు.

మన సముద్రంలో ఈ సుడి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. నడిమధ్యన గాలి ఉండదు. ఆ నడుమభాగం మన ఇంటిమీదుగా పోతే కాసేపు ప్రశాంతం. తర్వాత అవతలి అంచు వచ్చి తగులుతుంది, గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. మా అమ్మమ్మ "సగమేరా" అన్నది ఇందుకే.

చెప్పగానే అందరూ విన్నారా అంటే, లేదు. సుందరవనాల్లో మాత్లా నది ఒడ్డున కానింగ్ అనే కొత్త రేవు కట్టబోతుంటే, అక్కడ ఉప్పెన వస్తుంది, వద్దని పిడింగ్టన్ 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకే రాశాడు. అయినా కట్టారు. ఆయన 1858లో పోయాడు. 1867 నవంబరులో ఉప్పెన రానే వచ్చింది. కొన్నేళ్ళకి ఆ రేవుని వదిలేసుకున్నారు. ఈలోగా 1864లో నెల తిరక్కుండా కలకత్తా, మన బందరు కూడా మునిగాయి. దేశానికంతటికీ వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో.

1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. 1990 మే నెలలో మళ్ళీ కృష్ణా తీరానికే పెద్ద తుపాను వచ్చింది. ఈసారి లక్షలమందిని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యికి లోపే. అది చిన్న అంకె అని నేననను, ఒక్క ప్రాణమైనా ప్రాణమే. కాని ఆ తేడా అంతా చెప్పినవాళ్ళ వల్లా, విన్నవాళ్ళ వల్లా వచ్చిందే కదా!

అంచేత అక్కయ్యలూ, చెల్లెమ్మలూ, ఈసారి తుపాను వస్తోందంటే పాత నోటుపుస్తకం ఒకటి తీసి, గాలి ఏ వేళకి ఎటునుంచి వీచిందో కిటికీ సందులోంచి చూసి పిల్లల చేత రాయించండి. కదలమని కబురొస్తే మాత్రం వంటగిన్నెలు చూసుకుంటూ కూర్చోకండి. గాలి హఠాత్తుగా ఆగితే "హమ్మయ్య" అనకండి. ఎవరైనా తలుపు తియ్యబోతే, మా అమ్మమ్మలాగా గుమ్మానికి అడ్డంగా నిలబడండి.