పురి తిప్పిన తీగలో బొమ్మ: ఇళ్లలో దూర వీడియోకు కేబుల్ ఎంపిక వెనుక చరిత్ర

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న ఒక కుటుంబాన్ని ఊహించండి. సెట్‌టాప్ బాక్స్ కింద హాల్లో ఉంటుంది. ప్రొజెక్టర్ మేడ మీది గదిలో పెట్టాలనుకున్నారు. గోడల మలుపులన్నీ కలుపుకొంటే మధ్య దూరం 25 మీటర్లు. గోడలకు గాడి కొట్టి పైపులు వేసే రోజున ఎలక్ట్రీషియన్ వచ్చి "ఏ వైరు లాగమంటారు సార్?" అని అడుగుతాడు. బాక్స్‌తో పాటు వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి రెండు మీటర్లకు మించదు. అంత పొడవైనది కొన్నా, దాని చివరనున్న ప్లగ్గు పైపు మలుపుల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు గుర్తొచ్చేది కంప్యూటర్ నెట్‌వర్క్‌కు వాడే క్యాట్ కేబుల్. అది చవక, సన్నం, పైగా ప్లగ్గు లేకుండా లాగి తర్వాత బిగించుకోవచ్చు. ఇక క్యాట్ 5ఈ తీసుకోవాలా, 6 తీసుకోవాలా, 6ఏ తీసుకోవాలా అన్నదే ప్రశ్న. దుకాణంలో అడిగితే "పెద్ద నంబరు తీసుకోండి" అంటారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ఆ నంబర్లను ఎవరు, ఏ పని కోసం పెట్టారో తెలుసుకోవాలి. ప్లాస్టరింగ్ అయ్యాక తప్పు బయటపడితే గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

ట్రాం బండి రొద

క్యాట్ కేబుల్ లోపల ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. ప్రతి జతలోని రెండు తీగలను రెండు పేటల తాడుకు పురి పెట్టినట్లు మెలితిప్పుతారు. దీన్నే ట్విస్టెడ్ పెయిర్ అంటారు. ఈ పురికి దాదాపు టెలిఫోన్‌కు ఉన్నంత వయసుంది.

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోన్‌కు పేటెంట్ పొందిన తర్వాత, తొలి టెలిఫోన్ లైన్లను టెలిగ్రాఫ్ పద్ధతిలోనే వేశారు. స్తంభాల మీద ఒకే ఇనుప తీగ ఉండేది. విద్యుత్తు తిరిగి రావడానికి భూమినే రెండో తీగగా వాడుకున్నారు. టెలిగ్రాఫ్ చుక్కలకు, గీతలకు అది చాలింది. టెలిఫోన్ చెవి మాత్రం చాలా సున్నితం. పక్క తీగలో నడిచే టెలిగ్రాఫ్ టకటకలు, ఇతరుల సంభాషణలు కూడా అందులో వినిపించేవి. రెండు తీగలను ఒకదానికొకటి మెలివేసి వాడే టెలిఫోన్ వలయానికి బెల్‌కు 1881 జులైలో అమెరికాలో పేటెంట్ లభించింది.

ఇందులోని కిటుకు చాలా సులువు. బయటి రొద జతలోని రెండు తీగలనూ తాకుతుంది. మెలిక ఉండటం వల్ల ఒక తీగ కాసేపు రొదకు దగ్గరగా ఉంటే, మరుక్షణంలో రెండోది దగ్గరవుతుంది. మొత్తం మీద రెండింటి మీదా రొద సమానంగా పడుతుంది. అవతలి పరికరం రెండు తీగల మధ్య తేడాను మాత్రమే చదువుతుంది. సమానంగా పడినది తేడాలో కొట్టుకుపోతుంది, మాట మిగులుతుంది.

పేటెంట్ వచ్చినంత మాత్రాన అందరూ తీగలు మార్చలేదు. రెండో తీగ అంటే ఖర్చు. వాళ్లను కదిలించింది ట్రాం బండి. 1888లో ఫ్రాంక్ స్ప్రేగ్ అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో పెద్ద ఎత్తున విద్యుత్ ట్రాంలు నడిపి చూపించాక, నగరం తర్వాత నగరం ఆ దారి పట్టింది. ట్రాం విద్యుత్తు పట్టాల గుండా, నేల గుండా తిరిగి వెళ్లేది. టెలిఫోన్ కూడా అదే నేలను వాడుకుంటోంది. ఫోన్లు హోరెత్తాయి. కంపెనీలు తప్పనిసరై రెండు తీగల వలయాలకు మారాయి. స్తంభాల మీద ఉన్న తీగలను మెలివేయలేరు కనుక, కొన్ని స్తంభాలకోసారి రెండు తీగల స్థానాలు అటూ ఇటూ మార్చేవారు. భూమి కింద సీసపు తొడుగులో వేసిన కేబుళ్లలో కాగితం చుట్టిన జతలను నిజంగానే పురి తిప్పారు.

ఇక్కడ ఒక విషయాన్ని గుర్తు పెట్టుకోండి. పురి బయటి రొదను ఆపుతుంది. దూరం పెరిగే కొద్దీ సంకేతం బలహీనపడటాన్ని, అంటే క్షీణతను, ఆపలేదు. వీటిని ఒకటిగా కలిపి చూడటం వల్లనే ఈనాటికీ కేబుల్ ఎంపికలో పొరపాట్లు జరుగుతున్నాయి.

తొలి టెలివిజన్ బొమ్మలు

టెలివిజన్ తన తొలి దూర ప్రయాణాలను టెలిఫోన్ తీగల మీదే చేసిందంటే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. 1927 ఏప్రిల్ 7న, అప్పటి అమెరికా వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ ముఖం వాషింగ్టన్ నుంచి న్యూయార్క్‌కు తీగ మీద చేరింది. ఆ బొమ్మలో ఉన్నవి 50 గీతలు మాత్రమే. అదే సంవత్సరం మే నెలలో జాన్ లోగీ బెయిర్డ్ లండన్ నుంచి గ్లాస్గోకు సుమారు 700 కిలోమీటర్ల టెలిఫోన్ లైను మీద బొమ్మను పంపాడు. అంత ముతక బొమ్మకు అవసరమైన పౌనఃపున్యాలు మాట పౌనఃపున్యాలకు మరీ దూరంగా లేవు. అందుకే అది సాధ్యమైంది.

1936లో బీబీసీ 405 గీతల ప్రసారం మొదలుపెట్టే నాటికి లెక్క మారిపోయింది. బొమ్మకు మెగాహెర్ట్జ్‌లు కావాలి. పౌనఃపున్యం పెరిగే కొద్దీ విద్యుత్తు తీగ పైపొరలోనే ప్రవహిస్తుంది కనుక క్షీణత పెరుగుతుంది. టెలిఫోన్ జత దాన్ని దూరం మోయలేదు. దీనికి జవాబుగా కోయాక్సియల్ కేబుల్ వచ్చింది. నడుమ ఒక తీగ, దాని చుట్టూ గొట్టంలా మరో వాహకం. బెల్ సంస్థకు చెందిన ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ 1929లో దాన్ని బహుళ సంకేతాల రవాణాకు తగినట్లు రూపొందించారు. 1936లో న్యూయార్క్, ఫిలడెల్ఫియాల మధ్య ప్రయోగాత్మకంగా వేశారు. 1990ల మొదట్లో మన ఊళ్లలో కేబుల్ ఆపరేటర్లు మేడల మీదుగా లాగిన నల్ల వైరు ఆ కుటుంబానిదే.

జంట తీగను మాత్రం ఎవరూ పూర్తిగా వదల్లేదు. 1970లో ఏటీ అండ్ టీ పిట్స్‌బర్గ్‌లో పిక్చర్‌ఫోన్ సేవను ప్రారంభించింది. దానికి మామూలు టెలిఫోన్ జతలు మూడు వాడారు. వెళ్లే బొమ్మకు ఒకటి, వచ్చే బొమ్మకు ఒకటి, మాటకు ఒకటి. దారిలో క్షీణతను సరిదిద్దే పరికరాలు పెట్టారు. వ్యాపారంగా అది ఘోరంగా దెబ్బతింది. సాంకేతికంగా మాత్రం, తీగ చివర తగిన తెలివిని పెడితే పాత జత కూడా బొమ్మను మోస్తుందని చూపించింది. ఈ ఆలోచన నలభై ఏళ్ల తర్వాత మళ్లీ మన కథలోకి వస్తుంది.

ఆఫీసు కోసం పుట్టిన నంబర్లు

1973లో జిరాక్స్ పరిశోధనాలయంలో రూపుదిద్దుకున్న ఈథర్‌నెట్ తొలుత లావాటి కోయాక్సియల్ కేబుల్ మీద నడిచింది. ఆఫీసు గోడల్లో టెలిఫోన్ జతలు అప్పటికే ఉన్నాయి. వాటినే వాడుకోవాలన్న ప్రయత్నం 1980లలో సాగి, 1990లో 10బేస్-టి ప్రమాణంగా స్థిరపడింది. అప్పటికి ఏ కేబుల్ ఎంత నాణ్యమైనదో చెప్పే ఉమ్మడి కొలబద్ద లేదు. 1991లో అమెరికాలో టీఐఏ-568 ప్రమాణం, ఆ వెంటనే కేటగిరీల వర్గీకరణ వచ్చాయి. క్యాట్ అన్నది కేటగిరీకి పొట్టి పేరు. క్యాట్ 5, 5ఈ లను 100 మెగాహెర్ట్జ్ వరకు, 2002లో వచ్చిన క్యాట్ 6ను 250 వరకు, 2008 నాటి 6ఏను 500 వరకు పరీక్షిస్తారు.

పెట్టె మీద కనిపించే 100 మీటర్లు కూడా ఆఫీసు నుంచి వచ్చిన అంకెే. అంతస్తులోని పరికరాల గది నుంచి ఉద్యోగి బల్ల దగ్గరి గోడ వరకు 90 మీటర్లు, రెండు చివర్లా కలిపే తీగలకు 10 మీటర్లు. ఇంటి వీడియోతో దానికి సంబంధం లేదు. నెట్‌వర్క్‌లో సమాచారం ప్యాకెట్లుగా వెళ్తుంది. ఒకటి పాడైతే కంప్యూటర్ మళ్లీ పంపమని అడుగుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. హెచ్‌డీఎంఐ బొమ్మకు ఆ అవకాశం లేదు. పోయిన చుక్క పోయినట్లే. తెర మీద మెరుపులు మెరుస్తాయి, లేదా తెర నల్లబడుతుంది.

హెచ్‌డీఎంఐ ఎదురైనప్పుడు

2002 డిసెంబరులో హెచ్‌డీఎంఐ తొలి నిర్దేశం వెలువడింది. దాని తీగను కోసి చూస్తే లోపల కనిపించేవి కూడా మెలికల జతలే. మూడు జతలు బొమ్మకు, ఒకటి గడియారపు సంకేతానికి. ఇంపిడెన్స్ 100 ఓంలు. క్యాట్ కేబుల్‌లోనూ నాలుగు జతలే, ఇంపిడెన్స్ 100 ఓంలే! పైగా మామూలు హెచ్‌డీఎంఐ తీగల కన్నా క్యాట్ కేబుల్ రాగి లావు. ఈ పోలిక చూసి ఊరుకోవడం ఎవరి తరం? ప్లగ్గు మార్చి రెండింటినీ నేరుగా కలిపే పెట్టెలు బజారులోకి వచ్చాయి. టీవీ తన సామర్థ్యాన్ని బాక్స్‌కు చెప్పుకోవడానికి, నకలు నిరోధక తాళాలు మార్చుకోవడానికి వేరే తీగలు కావాలి కనుక వాటిలో చాలావాటికి రెండేసి క్యాట్ కేబుళ్లు అవసరమయ్యేవి.

కొద్ది దూరానికి అవి పనిచేశాయి. దూరం పెరిగే కొద్దీ మొండికేశాయి. కారణాన్ని మీరే లెక్క కట్టవచ్చు. సెకనుకు 60 ఫ్రేముల 1080పి బొమ్మకు ఒక్కో జత మీద సెకనుకు 148.5 కోట్ల బిట్లు నడుస్తాయి. అంటే తీగ సుమారు 742 మెగాహెర్ట్జ్‌లను మోయాలి. క్యాట్ 5ఈని పరీక్షించింది 100 వరకే.

అంతకన్నా సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉంది. క్యాట్ కేబుల్‌లో ఒక జత మాట మరో జతలోకి దూరకుండా నాలుగు జతలకూ వేర్వేరు బిగువుతో పురి పెడతారు. బిగువైన పురికి ఎక్కువ తీగ పడుతుంది. అందువల్ల పైకి ఒకే పొడవున్న కేబుల్‌లో నాలుగు జతల అసలు పొడవులు వేరు. ఒకేసారి బయలుదేరిన సంకేతాలు ఒకేసారి చేరవు. ఈ తేడాను స్క్యూ అంటారు. 100 మీటర్లకు 45 నానోసెకన్ల దాకా తేడా ఉండవచ్చని ప్రమాణం ఒప్పుకుంటుంది. మన 25 మీటర్లకు అది సుమారు 11 నానోసెకన్లు. 1080పి బొమ్మలో ఒక చుక్కకు పట్టే సమయం 6.7 నానోసెకన్లు మాత్రమే. అంటే ఒక రంగు మరో రంగు కన్నా ఒకటిన్నర చుక్కలకు పైగా వెనకబడగలదు. టీవీ దీన్ని కొంతవరకు సర్దుకుంటుంది గాని దానికీ హద్దుంది. విచిత్రమేమంటే క్యాట్ 6కు కూడా ఇదే 45 వర్తిస్తుంది. పెద్ద నంబరు ఈ జబ్బుకు మందు కాదు.

2010 తర్వాత

2010లో ఎల్‌జీ, శాంసంగ్, సోనీ పిక్చర్స్, వాలెన్స్ సంస్థలు కలిసి హెచ్‌డీబేస్‌టీ కూటమిని ఏర్పరచాయి. వీరు తీగను మార్చలేదు, దాని మీద నడిచే సంకేతాన్ని మార్చారు. పంపే పెట్టె హెచ్‌డీఎంఐని విప్పి, బొమ్మను, శబ్దాన్ని, నియంత్రణ సంకేతాలను ఒకే ప్రవాహంగా కలుపుతుంది. పదహారు మెట్ల వోల్టేజీలో సెకనుకు 50 కోట్ల గుర్తుల చొప్పున ఒక్కో జత మీద పంపుతుంది. ఒక్కో గుర్తుకు నాలుగు బిట్లు కనుక నాలుగు జతల మీద మొత్తం 8 గిగాబిట్లు. దీనికి తీగ మోయాల్సింది సుమారు 250 మెగాహెర్ట్జ్. అందుకునే పెట్టె జతల మధ్య ఆలస్యాన్ని, క్షీణతను సరిదిద్దుతుంది. పిక్చర్‌ఫోన్ నాటి ఆలోచనే మెరుగుపడి తిరిగి వచ్చిందన్నమాట. సెకనుకు 60 ఫ్రేముల పూర్తి రంగుల 4కె బొమ్మకు 14 గిగాబిట్లకు పైగా కావాలి. తొలి తరం పెట్టెల్లో అది పట్టదు. రంగుల వివరాన్ని తగ్గించో, కుదించో పంపాల్సిందే. పెట్టె కొనేటప్పుడు "4కె" అన్న ముద్ర చూసి ఆగకుండా ఎన్ని ఫ్రేములు, ఎంత రంగు అని చదవాలి.

ఇప్పుడు ఎలక్ట్రీషియన్ అడిగిన ప్రశ్నకు వద్దాం. నేరుగా కలిపే చవక పెట్టెలు వాడేటట్లయితే 25 మీటర్ల దూరానికి ఏ నంబరు తీగ కొన్నా భరోసా లేదు. హెచ్‌డీబేస్‌టీ రకం పెట్టెలైతే 1080పికి మంచి క్యాట్ 6 చాలు. 4కె ఉద్దేశం ఉంటే, లేదా అలాంటి తీగలు రెండు మూడు ఒకే పైపులో పక్కపక్కన వెళ్తుంటే, రేకు తొడుగున్న 6ఏ మేలని నా అభిప్రాయం. ఆ తొడుగును చివర్లలో లోహపు ప్లగ్గులతో సరిగా కలపకపోతే పెట్టిన డబ్బు వృథా. ప్లగ్గు బిగించేటప్పుడు పురిని అర అంగుళం కన్నా ఎక్కువ విప్పకూడదు. మధ్యలో అతుకు వేయకూడదు.

నంబరు కన్నా ముందు చూడాల్సింది లోహం. మన బజారులో క్యాట్ 6 అని అచ్చు వేసి అమ్మే చవక తీగల్లో రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు ఉన్నాయి. అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 61 శాతమే. కేటగిరీ ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు. ఒక తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. కొనేముందు దుకాణంలోనే ఇది చేసి చూడవచ్చు, నిజాయితీ ఉన్న వర్తకుడు కాదనడు.

ఇంకొకటి, మన ఎలక్ట్రీషియన్లు శ్రమ తగ్గుతుందని కరెంటు తీగలున్న పైపులోనే ఈ కేబుల్‌నూ తోసేస్తుంటారు. ఇది ప్రమాదం కూడా. 1888 నాటి ట్రాం తీగను, టెలిఫోన్ తీగను తెచ్చి ఒకే గొట్టంలో పెట్టినట్లవుతుంది. వేరే పైపు అడగండి, అది 25 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. కేబుల్ లాగేటప్పుడే పక్కన ఒక నైలాన్ తాడును కూడా లాగించి రెండు చివర్లా ముడివేసి వదిలేయమనండి. రేపు గాజు తంతువుల హెచ్‌డీఎంఐ కేబుల్ వేయాల్సి వస్తే, గోడను ముట్టుకోకుండా ఆ తాడుకు కట్టి లాగేయవచ్చు.