ఓం గారి లెక్క

సిగ్నల్స్‌లో లైన్‌మన్‌గా చేరి సుబేదార్‌గా రిటైర్ అయ్యాను. ఇప్పుడు సూరత్‌లో, తాపీ నది పక్క అడాజన్‌లో ఉంటున్నాను. ఈ సంచికకి ఏదైనా రాయమన్నారు. యుద్ధాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, నా పొట్ట నింపిన ఒక చిన్న లెక్క చరిత్ర రాస్తున్నాను.

వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు, అంటే నిరోధం. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే పవరు. ఇంటర్మీడియట్‌లో దీన్ని బట్టీ పట్టాను గాని, అర్థమయింది మాత్రం కాశ్మీరులో.

1990లలో ఒక చలికాలం రాత్రి, పై పోస్టుకి వెళ్లే టెలిఫోన్ లైను చచ్చిపోయింది. వైర్‌లెస్ వాడకూడదని ఆర్డరు. పొడవు మూడున్నర కిలోమీటర్లు, మోకాలి లోతు మంచు. ఎక్కడ పోయిందో వెతుకుతూ పోతే తెల్లారిపోతుంది. మా హవల్దార్ ఉస్తాద్ 6 వోల్టుల బ్యాటరీ తగిలించి మీటరు పెట్టాడు. 30 మిల్లీఆంపియర్లు చూపించింది. "లెక్క కట్టరా" అన్నాడు. 6ని 0.030తో భాగిస్తే 200 ఓంలు. మా కేబుల్‌కి పోను రాను రెండు తీగలూ కలిపి కిలోమీటరుకి సుమారు 100 ఓంలు. అంటే రెండో కిలోమీటరు దగ్గర తీగలు రెండూ ఒకదానికొకటి తగిలాయన్నమాట. "అతుకు గట్టిగా తగలకపోతే అక్కడ కూడా కొంత నిరోధం ఉంటుంది. అప్పుడు లెక్కలో దూరం ఎక్కువ వస్తుంది. కాస్త ముందు నుంచే చూసుకుంటూ పోండి" అని చెప్పి పంపాడు. ఇద్దరం వెళ్లాం. రెండు కిలోమీటర్లకి కాస్త ఇవతలే బండరాయి కింద కేబుల్ నలిగి ఉంది. గంటన్నరలో లైను మాట్లాడింది.

ఈ లెక్క చెప్పిన జార్జ్ సైమన్ ఓం జర్మనీలోని ఎర్లాంగెన్‌లో 1789లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసేవాడు. సొంతంగా చదువుకుని కొడుకులకి కూడా తానే లెక్కలు నేర్పాడు. ఓం కొలోన్‌లో బడి పంతులుగా ఉంటూ ప్రయోగాలు చేశాడు. ఆనాటి బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు, కొలత పూర్తయ్యేలోపే బలం తగ్గిపోయేది. అందుకని బిస్మత్, రాగి కలిపిన జంటకి ఒక అతుకు మరిగే నీళ్లలో, ఇంకోటి మంచులో పెట్టి నిలకడైన కరెంటు సంపాదించాడు. 1827లో పుస్తకం వేశాడు. స్వదేశంలో మొదట తగిన ఆదరణ దొరకలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. అదే రోజుల్లో ఇంగ్లండులో జూల్, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని నిరూపించాడు.

ఈ లెక్కని కొలతగా మార్చింది మాత్రం మన వృత్తే, టెలిగ్రాఫ్. మన దేశంలో కంపెనీ సైన్యం డాక్టరు ఓషాగ్నెస్సీ 1839లో కలకత్తా దగ్గర ప్రయోగాలు చేశాడు. 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరుకి లైను మొదలయింది. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన కేబుల్‌కి మితిమీరిన వోల్టేజి పెట్టారు, కొన్ని వారాల్లోనే అది మూగపోయింది. నీళ్ల అడుగున తెగిన చోటు తెలియాలంటే నిరోధం కొలవాల్సిందే, కొలవాలంటే అందరికీ ఒకే ప్రమాణం కావాలి. 1861లో బ్రిటన్‌లో అందుకొక కమిటీ వేశారు. 1881లో పారిస్ మహాసభలో ఓం, వోల్టు, ఆంపియరు ఖాయం చేశారు. వాట్ 1889లో చేరింది. మన సిగ్నల్స్ కోర్ 1911 ఫిబ్రవరి 15న పుట్టింది. టెలిగ్రాం 2013లో ఆగిపోయింది గాని, ఆ లెక్క ఆగలేదు.

సూరత్‌లో మగ్గాల మీద బతుకుతున్న మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. అందులో వరంగల్ వైపు తమ్ముడొకడు ఒకరోజు వచ్చి "సుబేదార్ సాబ్, గీజరు పెట్టినంక గోడలో కాలిన వాసనొస్తంది, జర చూడుండ్రి" అన్నాడు. 2000 వాట్ల గీజరు, 230 వోల్టులు. 8.7 ఆంపియర్లు. దాన్ని లైట్ల లైనుకి తగిలించారు, అతుకు వదులుగా ఉంది. ఆ అతుకులో అర ఓం నిరోధం ఉందనుకున్నా, కరెంటు వర్గాన్ని అర ఓంతో గుణిస్తే 36 వాట్లకి పైనే. అంటే గోడలో ఒక సాల్డరింగ్ ఐరన్ కాలుతూ ఉన్నట్టే! పక్కగదిలో పిల్లలు పడుకుంటారు. అదే పూట మెయిన్ ఆపించి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి వేరే లైను వేయించాను.

తమ్ముళ్లూ, మీటర్లు ఇప్పుడు అన్నీ వాటంతటవే చూపిస్తాయి. అయినా లెక్క చేతిలో ఉంచుకోండి. కరెంటు ఉన్న తీగ మీద మాత్రం ఓం మీటరు పెట్టకండి. మా ఉస్తాద్ ఈ లోకంలో లేడు. ఆ రాత్రి ఆయన అడిగిన భాగహారం మాత్రం ఇప్పటికీ నా చేత పనిచేయిస్తూనే ఉంది.

జై హింద్.