ఆవువా కోట – చంపావత్ ఠాకూరుల చరిత్ర

రాజపుత్రులనగానే మన తెలుగువారి మనసులో మెదిలేవి చితోడుగఢ, పద్మిని, రాణా ప్రతాపుడు, హల్దీఘాటు. చిలకమర్తి వారి 'రాజస్థాన కథావళి', దుర్భాక రాజశేఖర శతావధాని గారి 'రాణాప్రతాపసింహ చరిత్ర' చదివి పెరిగిన తరాల వారికి ఇది సహజమే. అయితే ఆ కథలన్నీ ప్రధానంగా మహారాజుల కథలు. ఆ మహారాజుల వెనుక, ఒక్కొక్కప్పుడు వారికి ఎదురుగా, నిలిచిన సామంత వంశాలు వందలకొలదిగా ఉన్నాయి. వాటి కోటలు చిన్నవి. వాటి చరిత్ర మనదాకా వచ్చింది తక్కువ. అటువంటి ఒక వంశాన్ని గురించి, ఒక కోటను గురించి ఈ వ్యాసం. వంశం చంపావత్ రాఠోడులది. కోట ఆవువా.

నేటి రాజస్థాన్‌లో, పాలీ జిల్లాలో, మార్వాడ్ జంక్షన్ అనే రైల్వే స్టేషనుకు చేరువలో ఉన్న గ్రామం ఆవువా. ఆరావళీ కొండలు తూర్పు దిక్కున కనిపించే మైదాన ప్రాంతమది. ఒకప్పుడిది జోధపురం రాజ్యంలో, అనగా మార్వాడ్‌లో, ప్రధానమైన ఠికానాలలో ఒకటి. ఠికానా అంటే సామంతుని ఏలుబడిలోని భూభాగం. దాని ప్రభువు ఠాకూరు. మన ప్రాంతపు జమీందారీతో దీనిని పోల్చాలనిపిస్తుంది కాని, ఆ పోలిక ఎంతో దూరం నడవదు. జమీందారు ప్రభుత్వానికి పేష్కషు చెల్లించి భూమిని అనుభవించేవాడు. ఠాకూరు మాత్రం తన రాజుకు దాయాది. భూమి తనకు రాజు ఇచ్చినది కాదనీ, వంశంలో తన వాటాగా సంక్రమించినదనీ అతని నమ్మకం. ఈ వ్యాసంలో రాబోయే కలహానికంతటికీ మూలం ఈ ఒక్క నమ్మకమే కనుక, పాఠకులు దీనిని గుర్తుంచుకోవాలి.

రాఠోడు వంశంలో రావు రణమల్లుడని ఒక ప్రభువు ఉండేవాడు. మార్వాడీలు రిడ్మల్ అంటారు. అతడు 1438లో చితోడులో హతుడయ్యాడు. అతని కుమారులలో జోధా 1459లో జోధపురాన్ని నిర్మించాడు. జోధాకు సోదరుడైన చాంపా సంతతి వారే చంపావతులు. పోకరణ్, ఆవువా ఠికానాలు రెండూ ఈ శాఖవే. కోల్పోయిన రాజ్యాన్ని జోధా తిరిగి సంపాదించింది సోదరుల కత్తుల బలంతోనే. అందుచేత రిడ్మల్ సంతతి నిలబెట్టినవాడే రాజు అనే అర్థం వచ్చే నానుడి మార్వాడ్‌లో పుట్టింది. రాజులకు అది రుచించే మాట కాదు. కాని కాదనలేని మాట.

ఈ సంబంధాన్ని జోధపురం దర్బారు తన మర్యాదలలోనే అంగీకరించింది. కొలువులో మహారాజుకు కుడివైపున రణమల్లుని ఇతర కుమారుల సంతతి, ఎడమవైపున జోధా సంతతి కూర్చునేవారు. అనగా అన్నదమ్ముల బిడ్డలకు కుడి పక్క, సొంత కడుపువారికి ఎడమ పక్క! పెద్ద ఠాకూరు వచ్చినప్పుడు మహారాజు ఆసనం నుండి లేచేవాడు. దానిని తాజీమ్ అనేవారు. వచ్చినప్పుడు మాత్రమే లేస్తే ఒక గౌరవం, వెళ్ళేటప్పుడు కూడా లేస్తే రెట్టింపు గౌరవం. ఠాకూరు వంగి రాజు అంగరఖా అంచును తాకితే, రాజు అతని భుజంపై చేయివేసి, ఆ చేతిని తన గుండె దాకా తెచ్చుకోవడం మరొక మర్యాద. ఇవి వట్టి ఆర్భాటాలని తేలికగా కొట్టివేయరాదు. లిఖితమైన రాజ్యాంగం లేని చోట ఇవే రాజ్యాంగం. రాజు ఎంత ఎత్తు లేస్తాడో, చేయి ఎంత దూరం చాస్తాడో, అదే అతని అధికారానికి ఎల్ల.

ఆవువా పేరు చరిత్రలో మొదట మారుమ్రోగింది యుద్ధం వల్ల కాదు, ధర్నా వల్ల. 1586లో మార్వాడ్‌ను ఏలుతున్నవాడు ఉదయసింగ్. స్థూలకాయుడు కావడంతో 'మోటా రాజా' అనేవారు. అక్బరు కొలువుకు లోబడి రాజ్యం తిరిగి పొందినవాడు. అతడు చారణుల శాసన గ్రామాలను స్వాధీనం చేసుకున్నాడు. చారణులంటే వంశచరిత్రలను, వీరగాథలను కవిత్వంగా నిలిపే కులం వారు. మన భట్రాజులు జ్ఞాపకం రావచ్చు గాని, చారణునికి మరొక విశేషముంది. అతడు పవిత్రుడు. అతని రక్తం చిందితే ఆ పాపం దానికి కారకుడైన వానిని చుట్టుకుంటుందని లోకవిశ్వాసం. తమపై అన్యాయం జరిగినప్పుడు చారణులు ఎదుటివానిపై కత్తి ఎత్తరు. ఆ కత్తినే తమ దేహంలో గుచ్చుకుంటారు.

అలా ఆత్మబలికి సిద్ధపడిన చారణులు ఆవువాలోని పురాతనమైన కామేశ్వర మహాదేవుని ఆలయంలో సమావేశమయ్యారు. చంపావతుల నాయకుడు గోపాల్‌దాస్ తన ప్రభువును కాదని వారికి అండగా నిలిచాడు. తన జాగీరును పణంగా పెట్టాడన్న మాట. వారికి నచ్చజెప్పి రమ్మని రాజు తన బాల్యస్నేహితుడైన అఖా బారహఠ్‌ను పంపాడు. అఖా వచ్చాడు, చూశాడు, తిరిగి వెళ్ళలేదు. తానూ చారణుడే కదా, వారిలో కూర్చున్నాడు. తొలి సూర్యకిరణం కనబడగానే నగారా మ్రోగించమని గోవిందుడనే డోలీవానిని ఆలయ శిఖరం మీద నిలిపారు. ఇందరి మరణానికి తాను సంకేతం ఇవ్వలేక, అతడు ముందుగా తన ప్రాణం తీసుకున్నాడు. తరువాత కటారులు లేచాయి. అఖా మరణించాడు. రాణా ప్రతాపుని కీర్తించిన మహాకవి దురసా ఆఢా తన గొంతులో కటారి గుచ్చుకుని కూడా బ్రతికి బయటపడ్డాడు. ఈ ఘట్టంలో రాజు కంటే, కవుల కంటే, ఆ డోలీవాడే నా మనసులో ఎక్కువ కాలం నిలిచాడు.

శరణన్న వానిని విడువకపోవడం ఈ వంశానికి ఆనాటి నుండే ముద్రపడిన లక్షణం. 271 సంవత్సరాల తరువాత అదే వారి కోటను కూల్చింది.

1818 జనవరిలో జోధపురం ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకుంది. సాలీనా 1,08,000 రూపాయల కప్పం, అవసరమైనప్పుడు 1,500 మంది ఆశ్వికులు – ఇవి షరతులు. బయటి శత్రువు నుండి రాజుకు రక్షణ దొరికింది. అంతవరకు రాజును కాపాడినవారు ఠాకూరులు. ఇప్పుడు వారితో అతనికి అవసరం తీరింది. మహారాజు మాన్‌సింగ్ కొందరు పెద్ద ఠాకూరులను వెళ్ళగొట్టి వారి భూములు లాగుకున్నాడు. దేశం విడిచిన ఆ ఠాకూరులు 1821లో కంపెనీ ప్రతినిధికి ఒక విన్నపం పంపారు. కర్నల్ టాడ్ దానిని తన గ్రంథంలో భద్రపరచాడు. మా సేవను అంగీకరించినంతకాలం అతడు మాకు ప్రభువు. లేనినాడు మేము అతని అన్నదమ్ములం, భూమిలో హక్కుదారులం అన్నది అందులోని సారం. రాజపుత్ర సామంత వ్యవస్థను గురించి వ్రాయబడిన పుటలెన్ని ఉన్నా, ఈ విన్నపానికి సాటి రాగలవి తక్కువ.

ఆ 1,500 ఆశ్వికుల సంగతి మరింత విచిత్రంగా పరిణమించింది. 1832లో కంపెనీ కోరగా వెళ్ళిన ఠాకూరుల గుర్రపు దళం పనికిమాలినదని దొరలు తేల్చారు. 1835లో ఆ బాధ్యతకు మారుగా ఏటా 1,15,000 రూపాయలు చెల్లించే ఏర్పాటు జరిగింది. ఆ ధనంతో కంపెనీ అధికారుల కింద జోధపూర్ లీజియన్ అనే సైన్యం ఏర్పడింది. దాని స్థావరం ఏరిన్‌పురా. ఠాకూరుల స్థానాన్ని పూరించడానికి పుట్టిన సైన్యమిది. ఇరవై రెండేళ్ళ తరువాత ఈ సైన్యమే ఒక ఠాకూరు గుమ్మం ముందు ఆశ్రయం కోసం నిలబడింది.

1857 ఆగస్టు 21న లీజియన్ ఆబూలోనూ, వెంటనే ఏరిన్‌పురాలోనూ తిరుగబడి ఢిల్లీ దారి పట్టింది. ఆవువాలో అప్పుడు ఠాకూరు కుశాల్‌సింగ్. అతనికీ మహారాజు తఖ్త్‌సింగ్‌కూ ఎంతో కాలంగా పొసగడం లేదు. తఖ్త్‌సింగ్ గుజరాతు వైపు నుండి వచ్చి 1843లో గద్దెనెక్కినవాడు. వారసత్వపు రుసుము, ఠికానా రాబడిపై పన్ను, గుర్రాల చాకిరి – వీటిలో ప్రతి ఒక్కటీ తగవే. కుశాల్‌సింగ్ సిపాయిలను కోటలోకి ఆహ్వానించాడు. ఆసోప్, గూలర్, ఆలణియావాస్ ఠాకూరులు తోడయ్యారు. మేవాడ్ సామంతులు కొందరు మనుషులను పంపారు.

సెప్టెంబరు 8న బిఠోడా వద్ద జోధపురం సైన్యం ఓడింది. దాని నాయకుడు ఓనాడ్‌సింగ్ మరణించాడు. అప్పుడు రాజపుతానా ఏజెంటు జార్జి లారెన్సు స్వయంగా అజ్మీరు నుండి బయలుదేరాడు. 18వ తేదీన చేలావాస్ వద్ద జరిగిన పోరులో అతడు కూడా వెనుదిరగవలసి వచ్చింది. జోధపురంలోని కంపెనీ ఏజెంటు మంక్ మేసన్ లారెన్సును కలుసుకోవాలని వచ్చి, ఎదుటి పక్షపు బూరను తమదిగా భ్రమించి వారి చేతికి చిక్కాడు. అతని తల నరికి ఆవువా కోట ద్వారానికి వేలాడదీశారు. స్థానికులు దీనిని గోరా – కాలా యుద్ధం, అనగా తెల్లవారికీ నల్లవారికీ జరిగిన యుద్ధమన్నారు. హోళీ పాటలలో ఆ పోరాటం నిలిచిపోయింది.

లీజియన్ సిపాయిలు అక్టోబరులో ఉత్తరానికి కదిలారు. నవంబరు 16న నార్నోల్ వద్ద ఘోరంగా పోరాడారు; అక్కడ కంపెనీ సేనాని గెరార్డు మరణించాడు గాని, గెలుపు కంపెనీదే అయింది. ఆవువాలో మిగిలింది ఠాకూరు, అతని వారు.

1858 జనవరి 20న కర్నల్ హోమ్స్ కోటను ముట్టడించాడు. నాలుగు రోజుల ఫిరంగి దెబ్బల తరువాత, 23వ తేదీ రాత్రి, తుఫానులో కుశాల్‌సింగ్ బయటపడ్డాడు. కోటను తమ్ముడు పృథ్వీసింగ్‌కు అప్పగించి మేవాడ్ వైపు వెళ్ళాడు. లోపలివారిని లంచంతో లోబరచుకున్నారని అక్కడివారి కథనం. 24న కోట పడింది. బొబ్బిలి కోట పడినది కూడా జనవరి 24నే, 1757లో. ఇది కేవలం తేదీల కలయిక. కాని తెలుగు చదువరి కన్ను అక్కడ ఒక్క క్షణం ఆగక తప్పదు. హోమ్స్ గ్రామాన్ని దోచాడు. బురుజుల కింద మందుపాతర్లు పెట్టి కోటను పేల్చివేశాడు.

ఇక శరణిచ్చిన వానికే శరణు కావలసి వచ్చింది. మేవాడ్‌లో కోఠారియా ప్రభువు, చౌహానుడైన రావత్ జోధ్‌సింగ్, అతనికి చోటిచ్చాడు. కంపెనీ వారి ఆగ్రహానికి వెరవలేదు. ఈ జోధ్‌సింగ్‌ను చారణ కవులు వేనోళ్ళ పొగడారు. 1586 నాటి ఋణం వారికి గుర్తుండకుండా ఉంటుందా? బూందీ ఆస్థానంలోని చారణ మహాకవి సూర్యమల్ల మిశ్రణుడు అదే 1857లో 'వీర సత్‌సయీ' రచనకు పూనుకున్నాడు. కదలకుండా కూర్చున్న ఠాకూరులను తలచి తన లేఖలలో వేదన చెందాడు.

1860 ఆగస్టు 8న కుశాల్‌సింగ్ నీమచ్‌లో లొంగిపోయాడు. మేజర్ టేలర్ ఆధ్వర్యంలో విచారణ జరిగింది. మేసన్ హత్యలో అతని చేయి ఉన్నట్లు ఋజువు కాలేదు. నవంబరు 10న విడుదలయ్యాడు. 1864లో ఉదయపురంలో, తన కోటకు దూరంగా, కన్నుమూశాడు.

ఇతనిని స్వాతంత్ర్య వీరుడనవచ్చునా అని చర్చ ఉంది. సిపాయిల పోరు కంపెనీతో; ఠాకూరు తగవు ముఖ్యంగా తన మహారాజుతో. సిపాయిలు ఢిల్లీ అన్నారు. ఠాకూరు తన ఊరు అన్నాడు. ఈ భేదాన్ని దాచి అతనిని మనకు కావలసిన మూసలో పోయడం చరిత్రకు న్యాయం కాదు. అయితే 1818 తరువాత మహారాజును ఎదిరించడమంటే కంపెనీని ఎదిరించడమే అయింది. గద్దె వెనుక ఎవరున్నారో చూడడానికి కుశాల్‌సింగ్‌కు గొప్ప రాజనీతి అక్కరలేదు. చేలావాస్‌లో వారే ఎదురుపడ్డారు. మహారాజు అన్నదమ్ముని స్థానం నుండి తనను నౌకరు స్థానానికి దించడాన్ని అతడు అంగీకరించలేదు. నౌకరుగా మిగలడానికి అంగీకరించినవారి కోటలు ఈనాడు హోటళ్ళుగా వెలుగుతున్నాయి.

హోమ్స్ సైన్యం ఆవువా నుండి తీసుకుపోయిన వస్తువులలో ఆ ఠాకూరుల ఇలవేల్పు సుగాలీ మాత విగ్రహం కూడా ఉంది. నల్లరాతి మూర్తి, పది తలలు, యాభై నాలుగు చేతులు. యుద్ధానికి ముందు ఠాకూరులు ఆమెకు మొక్కి కదిలేవారు. ఆ దేవత ఉన్నంతకాలం తిరుగుబాటు చల్లారదని దొరలు భయపడ్డారని ఆ ప్రాంతపు జనం చెప్పుకుంటారు. విగ్రహం తొలుత ఆబూకు, ఆ తరువాత అజ్మీరులోని రాజపుతానా మ్యూజియానికి వెళ్ళింది. అక్కడ దశాబ్దాలు గడచిన తరువాత పాలీ పట్టణంలోని బాంగఢ్ మ్యూజియానికి చేరింది.