థిన్నర్ (స్కేల్ మోడల్ రంగులు)

స్కేల్ మోడళ్లకు వేసే రంగునూ, దాని మీది క్లియర్ కోటునూ బ్రష్‌కో ఎయిర్‌బ్రష్‌కో అనువుగా పలుచన చేసే ద్రవం థిన్నర్. సీసా మీద ‘యాక్రిలిక్’ అని ఉంటే సరిపోదు, రంగు దేనిలో కలుస్తుందో చూడాలి. జపాన్‌కు చెందిన టామియా ఎక్స్, ఎక్స్‌ఎఫ్ వరుసలు యాక్రిలిక్కులే అయినా వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. కనుక సొంత థిన్నర్ ఎక్స్-20ఏతోనే కాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ, లాకర్ థిన్నర్‌తోనూ కలుస్తాయి. స్పెయిన్ వల్లెహో రంగులో అదే ఆల్కహాల్ పోస్తే విరిగిన పాలలా ముద్దకట్టి ఎయిర్‌బ్రష్ నాజిల్‌కు అడ్డుపడుతుంది. దానికి నీళ్లో, ఆ కంపెనీ థిన్నరో వాడాలి. ‘ఏ’ లేని ఎక్స్-20 టామియా ఎనామెల్‌కు ఉద్దేశించినది. దుకాణంలో తొందరపడితే పొరపాటున అదే చేతికి రావచ్చు!

హంబ్రోల్ ఎనామెల్‌కు వైట్ స్పిరిట్ చాలు.

మిస్టర్ కలర్ వంటి లాకర్లకు లాకర్ థిన్నరే గతి. లాకర్ థిన్నర్లలో లెవెలింగ్ థిన్నర్ అనే రకంలో ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ఉంటుంది. పూత సర్దుకునే వ్యవధి దొరికి నునుపు తేలుతుంది. టామియా ఎక్స్-22 క్లియర్‌లో కలిపినా మెరుపు బాగా వస్తుంది. హార్డ్‌వేర్ షాపు థిన్నర్ చవకే గానీ, ఘాటెక్కువైతే మోడల్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. ఎయిర్‌బ్రష్ కడగడానికి ఉంచుకోవడమే మేలు. లాకర్ క్లియర్‌ను డీకాల్స్ (మోడల్ మీద అతికించే గుర్తులు) మీద ఒకేసారి తడిసేలా కొడితే అవి ముడతపడతాయి. తొలి రెండు మూడు పూతలు పలుచగా, పొడిపొడిగా పడాలి.