ఆసియా క్రీడలందు భారత ఫుట్‌బాలు

ఆసియా క్రీడల చరిత్రమున భారతదేశపు ఫుట్‌బాలు జట్టు స్వర్ణపతకమును గెలిచినది రెండే పర్యాయములు: 1951లో ఢిల్లీ నగరమున నొకసారి, 1962లో జకార్తా నగరమున మరియొకసారి. ఆ రెండు విజయములకును, వాని నడుమ గడచిన పదునొకండు సంవత్సరముల ఔన్నత్యమునకును మూలపురుషుడు హైదరాబాదు నగరమున పాఠశాలోపాధ్యాయుడుగా జీవితము నారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీము. కలకత్తాలోని క్రీడాభిమానులు ఆయన పేరును నేటికిని భక్తితో తలచుచుండగా, ఆయన పుట్టిన నగరమునకు ఒకటి రెండు గంటల రైలు ప్రయాణపు దూరమున నున్న మన వికారాబాదు, తాండూరు ప్రాంతములలో బంతి తన్నుచు పెరుగు పిల్లలకు ఆ పేరు తెలియకుండుట నా మనస్సును నొప్పించుచున్నది. ఆ కొరత కొంతయైన తీరునేమో యన్న యాశతోనే ఈ వృత్తాంతమును వ్రాయబూనితిని.

దక్కను సీమకు ఈ యాట వచ్చిన త్రోవ తెల్లవారి దండు వచ్చిన త్రోవయే. సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారములందు విడిసియుండిన ఆంగ్లేయ పటాలములు సాయంకాలములందు మైదానమున నాడుచుండ, చుట్టుపట్ల బస్తీల పిల్లలు గట్టున నిలిచి చూచి, చూచి, తామును దిగి నేర్చుకొనిరి. 1874లో వాడి నుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికింద్రాబాదు వరకు నిజాము ప్రభుత్వపు ధనముతో రైలుమార్గము పడినది. తాండూరు నాపరాళ్ళును, కందులును దూరదేశముల కెగుమతియైన ఆ పట్టాలే హైదరాబాదును బొంబాయికి దగ్గర చేసినవి. బొంబాయిలో రోవర్సు కప్పు, ఢిల్లీలో డ్యూరాండు కప్పు, కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు: ఈ మూడింటిలో పేరు తెచ్చుకొనని జట్టునకు ఆ కాలమున దేశమున గుర్తింపు లేకుండెను.

అట్టి గుర్తింపును హైదరాబాదునకు సంపాదించి పెట్టినది నగర పోలీసుల జట్టు. స్వాతంత్ర్యానంతరము 1950లో డ్యూరాండు కప్పు తిరిగి ఆరంభమైనప్పుడు, తుదిపోటీలో మోహన్ బాగానుతో మొదట సమముగా నిలిచి, మరల నాడిన ఆటలో నెగ్గి, ఆ కప్పును హైదరాబాదు సిటీ పోలీసులు కైవసము చేసికొనిరి. ఆ యేడు మొదలుకొని 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు మరియొకరి చేతికి పోనేలేదు. బెంగాలు క్లబ్బుల ధనబలమును, కీర్తిప్రతిష్ఠలను తలచుకొన్నచో, నెలజీతముపై బందోబస్తుకు పోవు జవాన్లు సాధించిన ఈ యైదేండ్ల విజయపరంపర ఎంత గొప్పదో తెలియగలదు. ఆ జట్టును 1950 నుండి తన మరణపర్యంతము తీర్చిదిద్దినవాడు రహీము.

రహీము 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివెను. నగర పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. వ్యాయామవిద్యలో శిక్షణ పొందెను. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై చిరకాలము దాని భారము వహించెను. ఆయనలోని ఉపాధ్యాయుడు ఏనాడును మైదానము విడిచి పోలేదు. మన ఆటగాండ్రు బంతిని కాలికి తగిలించుకొని ఒంటరిగా నలుగురిని తప్పించుకొని పోవుటయే ఘనతగా భావించుచుండిన దినములలో, డ్రిబ్లింగు చేయరాదను నియమముతో ఆయన పోటీలు పెట్టించెను. బంతిని అట్టిపెట్టుకొనుటకు వీలు లేనప్పుడు, అది తన కాలికి రాకముందే ఎవ్వరికి అందీయవలెనో ఆటగాడు చూచుకొనవలసివచ్చును; అందుకొనవలసినవాడు ఖాళీ స్థలమునకు ముందుగనే పరుగెత్తి యుండవలసివచ్చును. అటులనే, అలవాటు లేని కాలితోనే యాడవలెనను నియమముతో మరికొన్ని పోటీలు జరిపించెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితో తన్నబోయి తొట్రుపడుటను చూచి ప్రేక్షకులు నవ్వియుండవచ్చును గాని, కొన్నాళ్ళకు ఆ ఆటగాడు ఏ వైపునకు తిరుగునో ప్రత్యర్థికి అంతుపట్టకుండెను. ఈ విధమైన చిన్న చిన్న నియమములతో పెద్ద విద్యను గరపుట బడిపంతులుకే తోచును గాని, కేవలము క్రీడాకారునకు తోచునది కాదని నా నమ్మకము.

1951 మార్చి నెలలో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగినవి. ఖండమంతటిని ఒక మైదానమునకు రప్పింపవలెనను సంకల్పమునకు ప్రధాన ప్రచోదకుడు గురుదత్త సోంధీ. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలయును, జకార్తాలో మరల వచ్చును. ఫుట్‌బాలునకు వచ్చినవి ఆరు జట్లు: భారతము, ఇరాను, జపాను, ఇండోనేషియా, ఆఫ్ఘనిస్తాను, బర్మా. బెంగాలు రక్షకుడు శైలేన్ మన్నా మన జట్టునకు నాయకుడు, రహీము శిక్షకుడు, సిటీ పోలీసు నూర్ మహమ్మదు సభ్యులలో నొకడు. ఇండోనేషియాపై మూడు గోల్స్, ఆఫ్ఘనిస్తానుపై మూడు గోల్స్ చేసి, ఎదుటివారికి ఒక్కటియు నీయక తుదిపోటీకి వచ్చిన మనవారికి ఇరాను గట్టిగా నిలిచినది. ప్రధానమంత్రి నెహ్రూ చూచుచుండగా, బీహారు వాడైన సాహూ మేవాలాలు మొదటి అర్ధభాగమున కొట్టిన ఒక్క గోలే ఆ పోటీకి తీర్పైనది. స్వాతంత్ర్యము వచ్చి నాలుగేండ్లు నిండని దేశమునకు ఆ పతకము కలిగించిన ఉత్సాహమును ఈనాడు ఊహించుకొనుట కష్టము.

అయినను ఆ విజయము మన లోపములను కప్పిపుచ్చలేదు. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో, ఆ చలిలో, పెక్కుమంది బూట్లు లేక వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయిరి. బూట్లు తొడుగుకొనుట ఆపై తప్పనిసరియైనది. అప్పట్లో బర్మా, సింహళము, పాకిస్తానులతో కలిసి ఆడుచుండిన చతుర్దేశ పోటీలో, కొలంబో కప్పను పేర గలదానిలో, 1952 నుండి 1955 వరకు నాలుగేండ్లును మనవారే గెలిచిరి. మొదటి యేడు మాత్రము పాకిస్తానుతో పంచుకొనిరి. కాని 1954లో మనీలా ఆసియా క్రీడలలో జపానును 3-2తో ఓడించియు, ఇండోనేషియాకు నాలుగు గోల్స్ సమర్పించుకొని తొలిదశలోనే వెనుదిరుగవలసివచ్చినది. 1958లో టోకియోలో నాలుగవ స్థానము లభించినది.

ఈ రెంటికిని నడుమ 1956లో మెల్బోర్ను ఒలింపిక్సు కలదు. ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, సెమీఫైనలు వరకు పోయి, నాలుగవ స్థానమున నిలిచిన ఆ జట్టులో హైదరాబాదు, సికింద్రాబాదుల వారెందరో యుండిరి: అజీజుద్దీను, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీను, గోలు కాచు పీటర్ తంగరాజు, అమ్ముగూడ పల్లెనుండి వచ్చిన తులసీదాసు బలరాము. రాష్ట్రమునకు ఆ యేడే మరియొక మార్పు సంభవించినది. నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విడిపోయి భాషాప్రయుక్త రాష్ట్రములలో కలిసినది. గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రమునకు పోగా, అందలి తాండూరు, కొడంగలు తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశములో చేరినవి. రాష్ట్రము పోయినను ఆటలో ఆ పేరు పోలేదు. 1956-57లోను, 1957-58లోను సంతోషు ట్రోఫీని గెలిచిన జట్టు హైదరాబాదు పేరుతోనే గెలిచినది. ఆంధ్రప్రదేశ్ అను పేరుతో ఆ ట్రోఫీ దక్కుటకు 1965-66 వరకు వేచియుండవలసివచ్చినది.

ఇక జకార్తా సంగతి. 1962 ఆసియా క్రీడలకు తైవాను, ఇజ్రాయేలు దేశముల క్రీడాకారులను ఇండోనేషియా రానీయలేదు. ఇది క్రీడాధర్మమునకు విరుద్ధమని గురుదత్త సోంధీ ఎలుగెత్తి చెప్పెను. ఆ మాట ఆయన యొక్కడిదైనను, జకార్తా ప్రజల ఆగ్రహము భారతీయులందరిపైకిని మరలినది. సెప్టెంబరు 3వ తేదీన మన రాయబార కార్యాలయముపై జనసమూహము దాడి చేసెను. తుదిపోటీ ఆ మరునాడే.

అంతదాక వచ్చిన తీరును సులభము కాదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడినారు. పిమ్మట థాయిలాండుపై 4-1, జపానుపై 2-0 నెగ్గినారు గాని, థాయిలాండుతో ఆడునపుడు రక్షణపంక్తికి మూలస్తంభమైన జర్నైలు సింగు తల పగిలి కుట్లు పడినవి. అట్టివానిని గాయము మానక మునుపే మైదానమున దింపుట సాహసము. దింపి, అతని స్థానమున గాక ఎదుటి గోలు ముంగిట నిలుపుట మరింత సాహసము. జర్నైలు పంజాబీ జాట్టు. ఎత్తరి, బలశాలి, గాలిలో వచ్చు బంతిని తలతో కొట్టుటలో దిట్ట. కాలేజీ దినములలో ముందు వరుసలో ఆడిన అనుభవమును కలవాడు. వానిని ముందుకు పంపి, వెనుకటి భారమును అరుణ్ ఘోషు మొదలగువారికి అప్పగించి, రహీము సెమీఫైనలున కొత్త వరుసతో జట్టును దింపెను. దక్షిణ వియత్నాముపై 3-2తో విజయము లభించినది. గోలు కొట్టినవారిలో చునీ గోస్వామితోపాటు జర్నైలు నొకడు.

రహీము అప్పటికే క్యాన్సరు వ్యాధిగ్రస్తుడు. ఫైనలు ముందటి రాత్రి కుర్రవాండ్రను చేరబిలిచి, రేపు నాకొక కానుక కావలెనని అడిగెనని ఆ జట్టువారు తరువాత చెప్పుకొనుచుండిరి. లక్షమంది కిక్కిరిసిన సెనయాన్ మైదానమున మన జట్టు పేరు వినబడినంతనే కేకలు, ఈలలు చెలరేగెను. భారతీయుల పక్షమున చప్పట్లు కొట్టినవారు ఒక మూలనున్న పాకిస్తాను హాకీ ఆటగాండ్రని మనవారు కృతజ్ఞతతో తలచుకొందురు. జ్వరముతో తొలి ఆటలకు దూరమైయుండిన తంగరాజు నాడు గోలు కాచెను; ముందు వరుసలో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాము, వెనుక యూసుఫ్ ఖాను. పదునేడవ నిముసమున బెనర్జీ ఒక గోలు, మరి మూడు నిముసములకు జర్నైలు, తలపై కట్టుతోనే, మరియొక గోలు. అంతటితో దక్షిణ కొరియావారి ధైర్యము సడలినది. ఆట ముగియుటకు అయిదు నిముసములు ముందు వారొక గోలు తీర్చుకొన్నను ఫలితము మారలేదు. తొలి ఆటలో తమ్ము నోడించిన జట్టునే ఓడించి, తమకు పగవారైన ప్రేక్షకుల నడుమ, ప్రాణము తీసివేయుచున్న వ్యాధిని లెక్కింపని గురువునకు శిష్యులు ఆయన అడిగిన కానుక నిచ్చిరి. మన దేశపు క్రీడాచరిత్రలో నింతకు మించిన సాయంకాలము నాకు తెలియదు.

1963 జూను 11వ తేదీన రహీము మరణించెను. మరుసటి యేడు ఇజ్రాయేలులో జరిగిన ఆసియా కప్పున మనవారు ద్వితీయ స్థానమును పొందిరి. ఆ జట్టును నడిపినవాడు ఆంగ్లేయుడు హారీ రైటు. రహీము వేసిన పునాది మాత్రము మరికొన్నాళ్ళు నిలిచినది. 1970లో బ్యాంకాకు క్రీడలందు జపానును ఒక్క గోలుతో ఓడించి కాంస్యపతకము తెచ్చిన జట్టునకు నాయకుడు హైదరాబాదు వాడైన సయ్యద్ నయీముద్దీను. ముందు వరుసలో హైదరాబాదు వాడే మహమ్మదు హబీబు. 1977లో కలకత్తాలో పీలే వచ్చిన న్యూయార్కు కాస్మోసు జట్టుతో మోహన్ బాగాను 2-2తో సమముగా నిలిచినప్పుడు పోరాడినవారిలో నీతడును కలడు. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు ఆ కాంస్యమే కడపటి పతకము.

నయీము, హబీబు, వారికంటె ముందు బలరాము కలకత్తా క్లబ్బులకు పోయినవారే. ప్రతిభకు వెల నిచ్చువారు ఆ నగరమున నుండిరి, ఇచట నుండకపోయిరి. వారిని తప్పుపట్ట నా మనస్సొప్పదు. కాని పోవువారి స్థానమున వచ్చువారిని తయారుచేయు వ్యవస్థ ఇచట నిలువలేదు. పాఠశాలల పోటీలు సన్నగిల్లినవి, పోలీసు జట్టు వెలుగు తగ్గినది, జిల్లాలకు ఈ యాట వ్యాపింపనే లేదు. రోవర్సు కప్పు వైభవము నడచిన దినములలో నైనను, బొంబాయి పట్టాలపై నున్న మన పట్టణములలో ఒక మైదానము, ఒక శిక్షకుడు, ఒక సాంవత్సరిక పోటీ వెలసియున్నచో, హైదరాబాదు పిల్లలు కొరవడిన నాడు జట్టు కొరవడియుండెడిది కాదు.

1982లో క్రీడలు మరల ఢిల్లీకి వచ్చినవి. శిక్షకుడు పి.కె. బెనర్జీ, జకార్తాలో తొలి గోలు కొట్టినవాడు. ఆయనకు సహాయకుడు రహీము కుమారుడే యైన సయ్యద్ షాహిద్ హకీము, 1960 రోము ఒలింపిక్సు జట్టున చోటు పొందినవాడు, వైమానిక దళాధికారి, అంతర్జాతీయ రెఫరీ. క్వార్టరు ఫైనలులో సౌదీ అరేబియాతో ఆట ముగియవచ్చిన వేళ, 89వ నిముసమున, ఒక గోలు పడి మనవారు ఓడిరి. 2002 నుండి ఈ క్రీడలలో ఫుట్‌బాలు ఇరువది మూడేండ్ల లోపు వారి పోటీగా మారినది. 2018లో మన ఒలింపిక్ సంఘము ఫుట్‌బాలు జట్టునకు అనుమతి నీయనేలేదు. హకీము 2021 ఆగస్టు 22న గుల్బర్గా ఆసుపత్రిలో కన్ను మూసెను. 2023 ఫిబ్రవరిలో బలరాము, ఆగస్టు 15వ తేదీన హబీబు గతించిరి. ఆ యేడే సెప్టెంబరులో హాంగ్‌ఝౌ నగరమున మన కుర్రవాండ్రు చైనా చేతిలో 5-1తో ఓడి, బంగ్లాదేశముపై ఒక్క గోలుతో నెగ్గి, మయన్మారుతో 1-1గా నిలిచి, నాకౌటు తొలి అంకమునకు చేరి, అచట మరల సౌదీ అరేబియా చేతిలోనే 2-0తో ఓడిపోయిరి.