చేతి వంటకు వెల కట్టిన వాళ్లు



పిండివంటలు బాగా చేసే ఇల్లాలికి మన దేశంలో మెప్పు కొరత ఎన్నడూ లేదు. "మీ చేతి మైసూరుపాకు తిన్నాక అంగడిది నోట పెట్టబుద్ధి కాదండీ" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. పిల్లవాడి పుట్టినరోజుకు కేకు చేసి పక్కింటికి రెండు ముక్కలు పంపామనుకోండి, "వదినగారూ, ఇవి అమ్మకానికి పెట్టకూడదూ?" అన్న కబురుతో పళ్లెం తిరిగి వస్తుంది. ఆ మాట మర్యాదకు అన్నదే కావచ్చు. కాని అమ్మితే ఎంతకు అమ్మాలి? పిండి, పంచదార, వెన్నల ఖరీదు లెక్క చెప్పగలం. మూడు గంటలు పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి ఎంత? ఈ రెండో లెక్క రాయడానికి మన ఆడవాళ్లకు చాలా కాలం పట్టింది. ఇంటి వంట అంగడి దాకా నడిచిన ఆ దారిని గురించి ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

అన్నం అమ్ముకోరాదన్నది పెద్దల మాట. అయినా వండిన అన్నం అమ్మే ఇళ్లు మనకు కొత్త కాదు. పదిహేనో శతాబ్దపు కావ్యంగా చెప్పుకునే క్రీడాభిరామంలో ఓరుగల్లు పట్నపు పూటకూళ్లిల్లు ఒకటుంది. ఒక్క రూక ఇస్తే సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, పప్పు, నెయ్యి, అరటిపళ్లు అన్నీ వడ్డిస్తారు. పదార్థాల పేర్లున్నాయి, ధర ఉంది, ఇంటాయన లక్ష్మణవజ్ఝల పేరూ ఉంది. ఆ పిండివంట వండిన చేయి ఎవరిదో మాత్రం పద్యంలో కనబడదు.

అక్కడి నుంచి 1897లో అచ్చయిన కన్యాశుల్కానికి రండి. గురజాడవారి పూటకూళ్లమ్మను ఎరగని తెలుగువాళ్లుండరు. ఆమె కష్టపడి పదిమందికీ వండి పెట్టి నాలుగు డబ్బులు కళ్లజూస్తుంది. సంతలో సామాను కొనిపెడతానని గిరీశం ఆమె దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకుని మరొకచోట ఖర్చుపెట్టేస్తాడు. నాటకం చూసి మనం నవ్వుకుంటాం గాని, అందులో ఆడదాని వ్యాపారానికి పట్టే చీడ ఉంది చూశారా! వండేది ఆమె, సరుకుల డబ్బు నడిచేది ఇంకొకరి చేతుల మీదుగా. చివరికి ఆమె చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ పోవలసి వచ్చింది.

ఇక కేకులు, బిస్కట్ల సంగతి. మన వంటింట్లో పొయ్యి ఉంది, మూకుడు ఉంది, ఆవిరి కుడుములకు గిన్నె ఉంది. చుట్టూ మూసి, అన్ని వైపులా ఒకే వేడి నిలబెట్టే ఓవెన్ మాత్రం లేదు. దానికి కాస్త దగ్గరగా వచ్చేది దిబ్బరొట్టె. మూకుట్లో పిండి వేసి, మూత మీద నిప్పులు పోసి, కిందా పైనా సెగ తగిలేటట్టు కాల్చేవారు మన అమ్మమ్మలు. ఆ ఉపాయాన్నే పెద్దది చేసి ఇటుకలతో కడితే బేకరీ భట్టీ అవుతుంది. అది తెల్లవాళ్లతో మన రేవుపట్నాలకు వచ్చింది.

కేరళలోని తలస్సేరిలో మాంబళ్లి బాపు అనే ఆయన బర్మాలో బిస్కట్ల పని నేర్చుకుని వచ్చి బేకరీ పెట్టాడు. 1883లో మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండు నుంచి తెచ్చిన క్రిస్మస్ కేకు రుచి చూపించి, అటువంటిది చేసిపెట్టమన్నాడట. బాపు అక్కడ దొరికే సరుకులతోనే చేసి మెప్పించాడు. మన దేశస్థులు చేసిన తొలి క్రిస్మస్ కేకుగా దానినే చెప్పుకుంటారు. హైదరాబాదులో చూస్తే, దేశవిభజన తరవాత సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ తెరిచారు. ఇరానీ హోటళ్ల బిస్కట్ల సంగతి సరేసరి. వీటన్నిటిలోనూ పని మగవాళ్లదే. పెద్ద భట్టీల ముందు, రాత్రివేళల్లో, బస్తాల లెక్కన సాగే పని అది. ఇంటి ఇల్లాలికి అందులో చోటు ఎక్కడిది?

ఆ చోటు కరెంటుతోనూ, గ్యాసుతోనూ వచ్చింది. అద్దం మూత ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెన్ మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాక, భట్టీ లేకుండానే కేకు కాల్చడం సాధ్యపడింది. ఓవెన్ లేనివాళ్లు ప్రెషర్ కుక్కర్లో ఇసుక పోసి, వెయిట్ తీసేసి, లోపల గిన్నె పెట్టి కాల్చుకున్నారు. కేకు అలా ఇంటి సరదాగా మారింది. ఈ సరదాను వ్యాపారం చేసిన ఒక ఇల్లాలి కథ మనకు బాగా పనికివస్తుంది.

ఆమె పేరు రజనీ బెక్టర్. కరాచీలో పుట్టి, లాహోరులో పెరిగి, దేశవిభజనతో ఢిల్లీ చేరిన కుటుంబం. పదిహేడేళ్లకే పెళ్లయి పంజాబులోని లూధియానాకు కాపురానికి వచ్చారు. అత్తింటివారికి తరాల నాటి వ్యాపారం ఉంది కనుక సంపాదించవలసిన అవసరం ఆమెకు లేదు. పిల్లలు హాస్టలు చదువులకు వెళ్లాక పొద్దుపోక, అక్కడి పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బేకింగ్ కోర్సులో చేరారు. ఐస్‌క్రీములు, కేకులు, బిస్కట్లు చేసి ఇరుగుపొరుగు పిల్లలకు పెట్టేవారు. రుచి ఊరంతా పాకింది. తిరునాళ్లలో స్టాలు పెట్టారు, విందులకు ఆర్డర్లు వచ్చాయి.

ఇంతవరకు మన కథే. తరవాత జరిగింది గమనించండి. ఆర్డర్లు పెరిగినకొద్దీ ఆమెకు నష్టం పెరిగింది! పుచ్చుకున్న దానికన్నా సరుకులకు పెట్టిందే ఎక్కువ. తెలిసినవాళ్ల దగ్గర ఎక్కువ ఎలా అడుగుతాం అన్న మొగమాటం మనందరికీ ఉన్నదే గదా! సంగతి కనిపెట్టిన భర్త ధరమ్‌వీర్ బెక్టర్, ఇది సరదా అయితే సరదాగానే ఉండాలి, వ్యాపారమయితే వ్యాపారంగా నడవాలి అన్న పద్ధతిలో ఆలోచించారు. 1978లో ఇరవై వేల రూపాయలు పెట్టుబడి పెట్టి, ఇంటి పెరట్లోనే ఓవెను, ఐస్‌క్రీము యంత్రం అమర్చారు. ఆ సరుకుకు క్రెమికా అని పేరు పెట్టారు. క్రీముతో చేసినది అనే అర్థం వచ్చే హిందీ మాట నుంచి పుట్టిన పేరు అది.

పెరటి వ్యాపారం పెరగడానికి అవసరం కూడా తోడయింది. పంజాబులో కల్లోలపు రోజులు వచ్చి, కుటుంబపు పాత వ్యాపారం సాగడం కష్టమయింది. అప్పుడు భర్త, కొడుకులు ఆమె మొదలుపెట్టిన పనిలోకే వచ్చి చేరారు. సరదా అనుకున్నది ఇంటిల్లిపాదికీ ఆధారమయింది. 1996లో మెక్‌డొనాల్డ్స్ వారు మన దేశంలో తొలి దుకాణాలు తెరిచినప్పుడు బన్నులు క్రెమికా నుంచి వెళ్లాయి. 2020 డిసెంబరులో ఆ సంస్థ వాటాలు అమ్మకానికి వస్తే, ఉన్న వాటాలకు సుమారు 198 రెట్లు దరఖాస్తులు వచ్చాయి. సంస్థ పేరులో మిసెస్ బెక్టర్స్ అనే మాట ఇంకా ఉంది. ఓరుగల్లు పద్యంలో కనబడని వంటమనిషి పేరు ఇక్కడ డబ్బా మీదికి ఎక్కింది.

"ఆమెకు ఇరవై వేలు ఇచ్చే భర్త ఉన్నాడు, మాకెవరున్నారు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం బొంబాయి వెళదాం. 1959 మార్చి 15న గిర్గాంలోని ఒక పాత కట్టడం మేడ మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు కూర్చుని అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి ఎనభై రూపాయలు. ఛగన్‌లాల్ పారేఖ్ అనే సంఘసేవకుని దగ్గర తెచ్చిన అప్పు. మొదటిరోజు తయారయినవి నాలుగు పొట్లాలు. అదే లిజ్జత్ పాపడ్.

వాళ్ల మొదటి సంవత్సరపు కథ వింటే ఇంటి పరిశ్రమ అంటే ఏమిటో తెలుస్తుంది. వానాకాలం వచ్చేసరికి అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టవ్వు కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్వు వెలిగించి ఆరబెట్టారు. చవక రకం, మంచి రకం అని రెండు చేద్దామనుకుంటే పారేఖ్‌గారు వద్దన్నారు, ఒకటే రకం, అది మేలురకం కావాలన్నారు. ఆ మొదటి ఏట అమ్మకం 6,196 రూపాయలు. దానాలు పుచ్చుకోకూడదనీ, లాభనష్టాలు అందరివీ అనీ నియమం పెట్టుకున్నారు. పిండి కేంద్రంలో కలిపి ఇస్తారు, ఇంటికి తీసుకుపోయి ఒత్తి తెచ్చినవారికి ఒత్తుడు కూలి చేతికి ఇస్తారు. చూశారా, మనం మొగమాటపడి లెక్కలో వేసుకోని కూలిని వాళ్లు మొదటే పేరు పెట్టి లెక్కలోకి తెచ్చారు.

ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అదే ఏటి జాబితాలో రజనీ బెక్టర్ పేరూ ఉంది. ఒకామెది పెరటి ఓవెను, ఒకామెది మేడ మీది పీట. ప్రభుత్వం రెంటినీ ఒకే వరసలో కూర్చోబెట్టింది.

మరి మన సంగతి? గోదావరి తీరాన ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి. బియ్యం నానబెట్టి పలచగా రుబ్బి, గుడ్డను ఆ పిండిలో ముంచి, బోర్లించిన వేడి కుండ మీద లాగితే చిటికెలో కాగితంలాటి రేకు ఊడివస్తుంది. చూడటానికి చిటికె పనే, చేయి కుదరడానికి ఏళ్లు పడుతుంది. పొగలో, సెగలో కూర్చుని రేకు తీసే ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, సంతోషం. కాని పూతరేకు ధరలో నేతికి ఎంత, బెల్లానికి ఎంత, జీడిపప్పుకు ఎంత అని అడిగినట్టే, రేకు తీసిన చేతికి ఎంత అని అడిగే అలవాటు కొనేవాళ్లమైన మనకూ రావాలి.

ఇప్పుడు మన వంటింటి లెక్కకు వద్దాం. ఉదాహరణకు ఒక కేకు అనుకోండి. సరుకులు 180 రూపాయలు, కరెంటు 20, అట్టపెట్టె 20, వెరసి 220. మూడు వందలకు అమ్మితే ఎనభై మిగిలిందని మురిసిపోతాం. మూడు గంటల పని, గంటకు ఇరవై ఏడు రూపాయలు కూడా పడలేదు. అందులో మాడిపోయిన కేకుల ఖర్చు, ఓవెను అరుగుదల ఇంకా కలపనే లేదు. ఈ లెక్క కాగితం మీద పెట్టకపోతే, పెరిగే ప్రతి ఆర్డరూ మనల్నే తినేస్తుంది. రజనీగారి ఇంట మొదట జరిగింది అదే.

కనుక మొదలుపెట్టదలచినవాళ్లు మొదట ఒక నోటు పుస్తకం కొనండి. ఇంటి సరుకుల డబ్బా, అమ్మకపు సరుకుల డబ్బా వేరుగా ఉంచండి. వచ్చిన డబ్బు పోపులపెట్టెలో కలిపేయకుండా మీ పేరిట బ్యాంకులో వేసుకోండి. గిరీశాలు ప్రతి కాలంలోనూ ఉంటారు. చేయగలిగిన నాలుగు రకాలూ ఒకేసారి అమ్మకానికి పెట్టక, బాగా చేయి తిరిగిన ఒక్కదానితో మొదలుపెట్టండి. తూకం ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఇంట్లో చేసి అమ్మినా సరే, 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద నమోదు చేయించుకోవాలి. పిల్లలు తినే వస్తువు గనుక చేసిన తేదీ, ఎన్నాళ్లు నిలవుంటుందో, అందులో ఏమేమి పడ్డాయో చీటీ మీద రాయడం మనకే గౌరవం.

బంధువులకు ఊరికే పెట్టవద్దని నేను అనడం లేదు. పెట్టినప్పుడు ప్రేమగా పెట్టండి, పండగకు పళ్లెం నిండా పంపండి. అమ్మేటప్పుడు మాత్రం ఆ మూడు గంటలకూ వెల కట్టి, గొంతు తగ్గించకుండా చెప్పండి. "ఇంట్లో చేసిందే గదా, ఇంత ఎందుకు?" అని ఎవరైనా అడుగుతారు, తప్పదు. ఇంట్లో చేసింది గనుకనే అండీ అని చెప్పి, పెట్టె చేతిలో పెట్టండి.