కారం మీద మోపిన నేరం

మా తాతయ్యకు కడుపులో పుండు ఉండేది. అర్ధరాత్రి లేచి, పొట్ట పట్టుకుని వసారాలో పచార్లు చేసేవారు. చివరకు జీర్ణాశయ కాన్సరుతో పోయారు. తన చేతి గోంగూర పచ్చడే ఆయనను పొట్టన పెట్టుకుందని నాన్నమ్మ నమ్మింది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ పచ్చడి నూరలేదు.

ఆ నమ్మకం ఆవిడ ఒక్కదానిదే కాదు. ఆమ్లం లేనిదే పుండు లేదన్నది 1910 నుంచీ వైద్యంలో చెల్లుబాటైన సూత్రం. ఆమ్లాన్ని పెంచేవి కారమూ, కలతా అన్నది దానిపై అల్లుకున్న వ్యాఖ్యానం.

ఆ సూత్రానికి బీట పడింది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో. 1979లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు జీర్ణాశయపు పొర తునకను సూక్ష్మదర్శినిలో చూస్తూ, వంకర తిరిగిన బాక్టీరియాను గమనించారు. అంతటి ఆమ్లంలో ఏ జీవీ బతకదని అందరూ అనుకుంటున్న కాలమది. 1981లో బారీ మార్షల్ అనే యువవైద్యుడు ఆయనకు తోడయ్యారు. ఆ జీవిని ప్రయోగశాలలో పెంచే ప్రయత్నాలు పదే పదే విఫలమయ్యాయి. 1982 ఈస్టర్ సెలవుల్లో మాత్రం, మామూలుగా రెండు రోజులకే పారవేసే పాత్రలు అలాగే ఉండిపోయాయి. వచ్చి చూస్తే జీవి పెరిగి ఉంది! దానికి కావలసింది మరికాస్త వ్యవధి, అంతే.

అయినా నమ్మినవారు తక్కువ. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగారు. కొన్ని రోజులకే వాంతులు మొదలయ్యాయి. పదోనాటి పరీక్షలో జీర్ణాశయం వాచి, అందులో ఆ జీవి కనిపించింది. అదే హెలికోబాక్టర్ పైలోరి. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

కాన్సరు సంగతి ఇంకా విచిత్రమైనది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ ఈ జీవిని కాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2001లో ప్రచురితమైన జపాను అధ్యయనంలో 1526 మందిని సగటున 7.8 ఏళ్ళు గమనించారు. ఈ జీవి ఉన్న 1246 మందిలో 36 మందికి జీర్ణాశయ కాన్సరు వచ్చింది. లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. ఆంత్రమూలంలో పుండ్లున్న 275 మందిలోనూ, అందరికీ ఆ జీవి ఉన్నా, ఒక్కరికీ రాలేదు!

కారణం వాపు ఉండే చోటు. జీర్ణాశయపు కింది భాగానికే పరిమితమైతే ఆమ్లం పెరిగి ఆంత్రమూలంలో పుండు పడుతుంది. పైకంతా పాకితే ఆమ్లగ్రంథులు క్షీణిస్తాయి. జీర్ణాశయంలో పుండుకూ, ఏళ్ళ తరబడి సాగితే కాన్సరుకూ అదే నేల. అంటే పుండు ముదిరి కాన్సరు కావడం కాదు, రెండూ ఒక తల్లి బిడ్డలు. ఇంతకాలం మనం భయపడింది ఆమ్లం హెచ్చుకు. కాన్సరు పొంచి ఉన్నది దాని లేమిలో.

ఈ జీవి ఉన్నవారిలో అత్యధికులకు కాన్సరు రాదన్నది మరువరాదు. ఉన్నదని తేలితే యాంటీబయాటిక్కులతో పోగొట్టవచ్చు; ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. కనుక జీర్ణాశయంలో పుండు పడినవారు, అది మానిందో లేదో మళ్ళీ చూపించుకోవలసిందే.

తాతయ్యకు ఆ పరీక్షలేవీ జరగలేదు. ఇక పచ్చడి మాటకొస్తే, ఉప్పులో ఊరిన పదార్థాలు అతిగా తింటే జీర్ణాశయ కాన్సరు ముప్పు పెరుగుతుందంటారు. ఉప్పు పూర్తిగా నిర్దోషి కాదు. కానీ ఒక మనిషి ప్రాణం తీసిన నేరం మోయవలసినంత ఉప్పు నాన్నమ్మ ఏనాడూ వేయలేదు. ఈ మాట ఆవిడకు చెప్పవలసింది. నేను ఇవన్నీ చదివేనాటికి ఆవిడా లేదు.